బండి విరిగేది అతుకు దగ్గరే

ఇంటి తయారీ గుంటుకకు, మందు బండికి ఏ ఇనుము మంచిది? ఎట్లా అతకాలి?

పసుపులో కలుపు ముదిరే వేళకు జగిత్యాల, కోరుట్ల వైపు రైతుకు కూలీల వేట మొదలవుతుంది. అరక కట్టే ఎడ్లు ఊళ్లో ఒకటి రెండు జతలు మిగిలితే గొప్ప. ట్రాక్టరేమో సాళ్ల మధ్య పట్టదు. ఎకరం, రెండెకరాల వాళ్లు పవర్ వీడర్ కొందామంటే పైసలు చాలవు. అందుకే చాలామంది వెల్డింగ్ షాపు దారి పడుతున్నారు. పాత సైకిల్ చక్రం ఇచ్చి గుంటుక చేయించుకునేవారు కొందరు. నాలుగు చక్రాల మీద డ్రమ్ము, బ్యాటరీ పెట్టి మందు కొట్టే బండి చేయించుకునేవారు ఇంకొందరు. చదువుకున్న పిల్లలున్న ఇళ్లలో, పిల్లల బొమ్మ కారులాగా గట్టు మీద నిలబడి రిమోట్‌తో నడిపే బండ్ల ప్రయత్నాలూ జరుగుతున్నాయి. మందు కొట్టే బండి వెంట మనిషి నడవక్కర్లేదంటే ఆ గాలి పీల్చే బాధ తప్పుతుంది. ఇది చిన్న లాభం కాదు.

బండి చేయించుకుందామనే రైతు మోటారు గురించి అడుగుతాడు, బ్యాటరీ గురించి అడుగుతాడు, రిమోట్ ఎంత దూరం పనిచేస్తుందని అడుగుతాడు. వీటన్నిటినీ మోసే చట్రం గురించి మాత్రం అడగడు. "మంచి ఇనుము పెట్టు మేస్త్రీ" అని ఒక్క మాట అనేసి వస్తాడు. తీరా చేనులోకి దిగాక మొదట చేతులెత్తేసేది ఆ చట్రమే. పనుల అదనులో బండి విరిగితే పోయేది వెల్డింగ్ కూలి ఒక్కటే కాదు. దాన్ని ఆటోలో వేసుకుని పట్నం పోవాలి, షాపు వాళ్ల వీలు చూడాలి, ఈలోగా కలుపు పైరును మించిపోతుంది.

విరిగిన చట్రం ఎక్కడైనా కనిపిస్తే కాస్త పరీక్షగా చూడండి. ఇనుము నడిమధ్యలో తెగడం అరుదు. వెల్డింగ్ గీతను ఆనుకునో, బోల్టు రంధ్రం అంచు నుంచో పగులు మొదలై ఉంటుంది. అంటే లోపం ఇనుము తక్కువ పెట్టడంలో కాదు, అతికిన తీరులో ఉందన్నమాట. ఇది తెలియక చాలామంది రెండోసారి ఇంకా లావు ఇనుము వేయిస్తారు. బండి బరువెక్కుతుంది, నెట్టేవాడికి నడుము పోతుంది. అతుకు మళ్లీ అక్కడే విడుతుంది.

ముందు బరువు లెక్క వేయండి

షాపుకు పోయేముందు ఇంట్లోనే కాగితం మీద లెక్క రాసుకోండి. 50 లీటర్ల మందు నీళ్లంటే 50 కిలోలు. ఇన్వర్టర్‌కు వాడే పెద్ద బ్యాటరీ పెడితే అదొక 30 కిలోల పైమాటే. పంపు, మోటార్లు, చక్రాలు కలిపి ఇంకో 25 అనుకోండి. వంద కిలోలు దాటింది. ఇది బండి కదలకుండా నిలబడినప్పటి లెక్క. బోదె మీద నుంచి కాలువలోకి చక్రం దబ్బున దిగినప్పుడు అదే బరువు రెండింతలు, మూడింతలై చట్రాన్ని గుద్దుతుంది. కాబట్టి వంద కిలోల బండికి మూడు వందల కిలోలు ఆపే చట్రం ఉండాలి. బండి వెడల్పు మీ సాలును బట్టి ఉండాలి గనుక సాళ్ల మధ్య దూరం నాలుగైదు చోట్ల కొలిచి ఆ చీటీ వెంట తీసుకుపోండి. పంట ఏ ఎడంతో వేస్తే యంత్రానికి వీలవుతుందో తెలియకపోతే పొలాసలోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానంలో అడగవచ్చు.

ఒంటి చక్రం గుంటుక సంగతి వేరు. దాని మీద బరువుండదు. రాయికో, వేరుకో పాస తగిలినప్పుడు వచ్చే దెబ్బే దానికి గండం. ఆ దెబ్బ పిడిని చట్రానికి అతికిన మూల దగ్గరకు పోయి పడుతుంది.

యాంగ్లరా, పైపా?

ఇనుప సామాను దుకాణంలో మామూలుగా దొరికే మెత్తటి ఇనుము, అంటే ఎం.ఎస్., మన పనికి అన్నిటికన్నా మంచిది. వంగుతుందే గాని టక్కున విరగదు. ఏ ఊళ్లోనైనా వెల్డింగ్ అవుతుంది, కోతకు, రంధ్రానికి లొంగుతుంది. తేడా అంతా దాని ఆకారంలో ఉంది.

మన దగ్గర అలవాటు కొద్దీ యాంగ్లరే అడుగుతాం. చూడ్డానికి దిట్టంగా ఉంటుంది. 40 ఎం.ఎం. వెడల్పు, 5 ఎం.ఎం. మందం ఉన్న యాంగ్లర్ మీటరుకు 3 కిలోలు తూగుతుంది. అదే 40 ఎం.ఎం. స్క్వేర్ పైపు, 2 ఎం.ఎం. గోడతో, మీటరుకు సుమారు 2.4 కిలోలే. తక్కువ ఇనుముతో పైపు ఎక్కువ బరువును వంగకుండా మోస్తుంది. అసలు తేడా మెలికలో ఉంది. ఒక చక్రం గుంటలో, ఇంకో చక్రం గట్టు మీద ఉన్నప్పుడు చట్రాన్ని బట్ట పిండినట్టు పిండే బలమది. ఆ మెలికను ఆపడంలో ఈ పైపు ఆ యాంగ్లర్ కన్నా ముప్పై రెట్లకు పైగా గట్టిది.

నమ్మకం కుదరకపోతే ఇంట్లో పడి ఉన్న పీవీసీ పైపు ముక్కలు రెండు తీసుకోండి. ఒకదాన్ని పొడవునా ఒక పక్క కోయండి. రెండింటినీ రెండు చేతులతో మెలిపెట్టి చూడండి. కోసిన ముక్క తాడులా తిరిగిపోతుంది, కోయనిది కదలదు. ప్లాస్టిక్ రెండింటిలోనూ అంతే ఉంది. మూసి ఉన్న ఆకారానికీ, తెరిచి ఉన్న ఆకారానికీ అంత తేడా. యాంగ్లరూ, చానలూ తెరిచిన ఆకారాలే.

ప్లాట్ పట్టీ విషయంలోనూ ఇట్లాంటిదే ఉంది. 30 ఎం.ఎం. వెడల్పు, 6 ఎం.ఎం. మందం పట్టీని పడుకోబెట్టి వేస్తే సులువుగా వంగుతుంది. అదే పట్టీని నిలువుగా వేస్తే పాతికింతలు గట్టిగా నిలుస్తుంది. వెల్డింగ్ చేయడం సులువని పట్టీని పడుకోబెట్టే మేస్త్రీలున్నారు. పక్కన నిలబడి నిలువుగా పెట్టించుకోండి.

పైపు కొనేటప్పుడు మోసం జరిగేది గేజి దగ్గర. గేజి అంకె పెరిగేకొద్దీ గోడ పలచనవుతుంది, ఇది చాలామందికి తిరకాసు. 14 గేజి అంటే సుమారు 2 ఎం.ఎం., 16 గేజి అంటే 1.6, 18 గేజి అంటే 1.2. కిటికీలకు, చిన్న గేట్లకు 18 గేజి చాలు. అదే పైపు బండికి వేస్తే రాడ్ తగలగానే రంధ్రం పడుతుంది, లేదా అతుకు పక్కన కాలి పలచబడుతుంది. బండికి 14 గేజి కన్నా తక్కువ వద్దు. రంగు వేసిన పైపు పైకి అంతా ఒకటే తీరుగా కనిపిస్తుంది గనుక కోసిన మూతి చూడండి, కాటా పెట్టించండి. ఒక పైపు 20 అడుగులు, అంటే 6 మీటర్లు ఉంటుంది. 40 ఎం.ఎం. 14 గేజి పైపు 14 కిలోల దగ్గర తూగాలి. పది కిలోలే తూగితే ఆ పైపు 14 గేజి కాదు.

గుండ్రటి కడ్డీ లెక్క ఇంకా సులువు. ఎం.ఎం.లో ఉన్న లావును దాంతోనే గుణించి 162తో భాగిస్తే మీటరు బరువు కిలోల్లో వస్తుంది. 25 ఎం.ఎం. కడ్డీకి 25ను 25తో గుణిస్తే 625, దాన్ని 162తో భాగిస్తే 3.8 పైచిలుకు. స్లాబు కడ్డీ కట్టే మేస్త్రీలందరికీ తెలిసిన లెక్కే ఇది.

పాత ఇనుము చవకే, కానీ...

సిరిసిల్ల వైపు రైతులకు ఒక సౌకర్యం ఉంది. మూలపడ్డ మరమగ్గాలను తుక్కు కింద అమ్ముతుంటారు. మగ్గం పక్క చట్రాలు చూస్తే ఎవరికైనా ఆశ పుడుతుంది. అంత బరువు, అంత గట్టి. ఏళ్ల తరబడి దడదడలాడుతూ నిలిచిన ఇనుమాయె! బండికి ఇంతకన్నా ఏం కావాలనిపిస్తుంది.

ఆ పక్క చట్రాలు పోత ఇనుము. మేస్త్రీలు బీడు అంటారు. ఒక్కచోట బిగించి నిలబెట్టిన యంత్రానికి అది మంచిదే. అదురును మింగుతుంది, బరువును ఆపుతుంది. కానీ వంగడం దానికి తెలియదు. దెబ్బ తగిలితే కుండ పగిలినట్టు పగులుతుంది. మామూలు రాడ్‌తో వెల్డింగ్ చేస్తే చల్లారేటప్పుడు టిక్కుమని చప్పుడు చేస్తూ అతుకు పక్కనే చీలుతుంది. నికెల్ రాడ్ వాడి, ముక్కను ముందుగా బాగా వేడి చేసి, తర్వాత బూడిదలోనో, సున్నంలోనో పూడ్చి నెమ్మదిగా చల్లారిస్తే నిలుస్తుంది. ఇత్తడితో అతికినా పట్టు ఉంటుంది. కానీ ఇంత పని మందు బండికి ఎందుకు? మగ్గం తుక్కులో మీకు పనికొచ్చేవి వేరే ఉన్నాయి. తిన్నగా ఉన్న ఉక్కు షాఫ్టులు, బేరింగులు, పళ్ల చక్రాలు, బోల్టులు. వాటిని ఏరుకోండి. బీడు ముక్కలు కాటాకే పోనివ్వండి.

తర్వాత అందరూ వాడేది లారీ కమాన్ పట్టీ. అది గట్టి ఉక్కు. గుంటుక పాసకు, పిలక కొయ్యే బ్లేడుకు దానంత మంచిది లేదు. కమ్మరి కొలిమిలో కాల్చి, సాగగొట్టి, నీళ్లు పెట్టిస్తే ఏళ్లు వస్తుంది. కానీ దాన్ని చట్రానికి నేరుగా వెల్డింగ్ చేయించవద్దు. వెల్డింగ్ వేడికి పక్క భాగం గాజులా పెళుసెక్కుతుంది. పది రోజులు బాగానే నడిచి పదకొండో రోజు రాయి తగలగానే తెగుతుంది. కమాన్ ముక్కకు బోల్టే సరైన అతుకు. అరిగినప్పుడు మార్చుకునే వీలూ ఉంటుంది.

ఇల్లు కట్టగా మిగిలిన టీఎంటీ కడ్డీని ఇరుసుగా వాడేవారున్నారు. దాని మీద ఉన్న గీతలు బుష్షును తినేస్తాయి. కొలత కూడా సరిగా గుండ్రంగా ఉండదు. పిడులకు, కొక్కేలకు వాడుకోండి. ఇరుసుకు మాత్రం నున్నటి కడ్డీనే.

తుక్కులో దొరికింది ఏ ఇనుమో తెలుసుకోవడానికి గ్రైండర్ నిప్పు రవ్వలు చూడటం మంచి పద్ధతి. కళ్లద్దాలు పెట్టుకుని, నీడలో చూడాలి. మెత్తటి ఇనుముకు రవ్వలు పొడవుగా, తిన్నగా, పసుపు తెలుపు రంగులో పోతాయి. చివర చిటపటలు తక్కువ. కమాన్ లాంటి గట్టి ఉక్కుకు రవ్వలు కాకరపువ్వొత్తిలా చిట్లి గుబురుగా లేస్తాయి. బీడుకు రవ్వలు ఎర్రగా, పొట్టిగా ఉంటాయి. అల్యూమినియంకు రవ్వలే రావు. తెలిసిన ముక్కను పక్కన పెట్టుకుని పోల్చి చూస్తే ఒక్క పూటలో కంటికి అలవాటవుతుంది.

అల్యూమినియం, స్టీలు, జీఐ

రిమోట్ బండ్లు చేసే కుర్రాళ్లకు అల్యూమినియం మీద మోజు. బరువు ఇనుములో మూడో వంతే గనుక బ్యాటరీ ఎక్కువసేపు వస్తుందని వాళ్ల లెక్క. లెక్క తప్పు కాదు. కానీ అదే కొలత ముక్క ఇనుము కన్నా మూడింతలు ఎక్కువ వంగుతుంది. దాన్ని అతకాలంటే ఆర్గాన్ గ్యాస్ వెల్డింగ్ కావాలి, అది తెలిసిన చెయ్యీ కావాలి. మన సెంటర్లలో అన్ని షాపుల్లో అది ఉండదు. పైగా వెల్డింగ్ వేడికి గట్టి రకం అల్యూమినియం అతుకు దగ్గర మెత్తబడిపోతుంది. బోల్టులతో, రివిట్లతో బిగించుకునేట్టయితే పై పెట్టెకు, పంపు స్టాండుకు వాడవచ్చు. కింద చట్రానికి వద్దు. మైలుతుత్తం కలిపిన మందు దాని మీద కారితే అల్యూమినియంను గుంటలు గుంటలుగా తింటుంది.

స్టెయిన్‌లెస్ స్టీలు తుప్పు పట్టదు, నిజమే. దానికి వేరే రాడ్ కావాలి, ధర ఎక్కువ, వేడికి మామూలు ఇనుము కన్నా ఎక్కువ వంకరపోతుంది. మందు తగిలే చోట ఒకటి రెండు ముక్కలకు సరే.

జీఐ పైపు, అంటే జింకు పూత ఉన్న నీళ్ల పైపు, బోరు మరమ్మతుల్లో మిగిలి చాలా ఇళ్లల్లో ఉంటుంది. పనికొస్తుంది. కానీ పూత మీదనే వెల్డింగ్ చేస్తే తెల్లటి పొగ లేస్తుంది. ఆ పొగ పీల్చినవారికి ఆ రాత్రి చలిజ్వరం, ఒళ్లునొప్పులు వస్తాయి. పాలు తాగితే ఏమీ కాదనే మాట వెల్డింగ్ షాపుల్లో వినిపిస్తుంది. పాలు మంచివే, కానీ ఊపిరితిత్తుల్లోకి పోయిన పొగను అవి తీయలేవు. అతుకు చుట్టూ రెండు ఇంచుల మేర పూతను గ్రైండర్‌తో తీసి, గాలి ఆడే చోట, గాలికి ఎదురు లేకుండా కూర్చుని చేయాలి. పొగ ముఖానికి రాకూడదు.

ఇంకొక మాట గట్టిగా చెప్పాలి. పెట్రోలు, డీజిలు, మందు ఉన్న పాత డ్రమ్మును ట్యాంకు చేద్దామని గ్యాస్ కట్టర్‌తోనో, వెల్డింగ్‌తోనో ముట్టుకోవద్దు. ఖాళీ డ్రమ్ములో మిగిలిన ఆవిరే బాంబు. ఒకసారి కడిగాం కదా అంటే చాలదు. ప్లాస్టిక్ డ్రమ్ము కొనుక్కోండి.

వెల్డింగ్ దగ్గర ఏం చూడాలి

మీరు వెల్డర్ కాకపోవచ్చు. కానీ పక్కన నిలబడి నాలుగు విషయాలు అడగవచ్చు. అడిగితే మేస్త్రీ చిరాకుపడితే పడనివ్వండి, పైసలు మీవి.

రాడ్ ఏదని అడగండి. మామూలు పనికి 6013 రకం చాలు. 2 ఎం.ఎం. పైపుకు 2.5 ఎం.ఎం. రాడ్, 60 నుంచి 90 ఆంపియర్ల మధ్య కరెంటు సరిపోతుంది. లావు రాడ్‌తో కరెంటు ఎక్కువ పెట్టి గబగబా లాగితే పైపు గోడ అంచు తెగి పలచబడుతుంది. ఆ గాడి నుంచే పగులు మొదలవుతుంది. ఇరుసు బ్రాకెట్ లాంటి దెబ్బ తినే చోట 7018 రకం రాడ్ ఇంకా మంచిది, అయితే అది పొడిగా, వేడిగా ఉండాలి. వానకాలంలో షాపు మూలన విప్పి పెట్టిన కట్ట చెమ్మ పీల్చి ఉంటుంది. చెమ్మ రాడ్ చిటపటలాడుతుంది, అతుకులో చిల్లులు వదులుతుంది. అప్పుడే విప్పిన కట్ట అడగండి.

అతికే చోట తుప్పు, రంగు, నూనె లేకుండా తెల్లగా మెరిసేదాకా గ్రైండర్ పట్టించండి. రెండు ముక్కలకు మధ్య సందు ఉంటే రాడ్ కరిగించి పూడ్చే అలవాటు కొందరిది. అట్లా పూడ్చిన చోట పైకి కుప్పగా, గట్టిగా కనిపిస్తుంది, లోపల పట్టు ఉండదు. ముక్క సరిగా కోసి సందు లేకుండా ఆనించడమే పని. అది చేస్తే సన్నటి గీత చాలు.

ముందుగా అన్ని మూలలా చుక్కలు పెట్టించి, మూలమట్టం చూసి, రెండు మూలల మధ్య ఐమూలగా తాడు పట్టి కొలవండి. రెండు కొలతలూ ఒక్కటైతేనే చట్రం చదరంగా ఉన్నట్టు. తర్వాత ఒకే మూల పూర్తి చేయకుండా ఈ మూల కొంత, ఎదురు మూల కొంత చేస్తూ పోవాలి. లేకపోతే వేడికి చట్రం తెడ్డులా వంగుతుంది. వంగిన చట్రాన్ని సమ్మెటతో తిన్నగా చేస్తే అతుకులో అప్పుడే పగులు నాటినట్టు.

లావు ముక్కను పలచ పైపుకు అతికేటప్పుడు వేడి లావు ముక్క వైపు ఎక్కువ పెట్టాలి. రెండింటికీ సమానంగా పెడితే పైపు కాలిపోతుంది, లావు ముక్క మాత్రం కరగదు. ఇరుసు బ్రాకెట్లు ఊడిపోవడానికి ఇదొక పెద్ద కారణం. బ్రాకెట్‌ను నేరుగా పైపుకు పెట్టకుండా మధ్యలో అరచేతి వెడల్పు రేకు ముక్క, 3 ఎం.ఎం.ది, ముందు పైపుకు అతికించి, దాని మీద బ్రాకెట్ పెట్టిస్తే దెబ్బ ఒక్కచోట పడకుండా పరుచుకుంటుంది. మూలలకు త్రికోణం ముక్కలు వేయించండి. వంద రూపాయల ఇనుము అయినా కాదు, మూల అదురు సగం అవే మింగుతాయి.

సైకిల్ ఫ్రేమును వాడేవారు గుర్తుంచుకోవలసింది ఒకటుంది. పాత సైకిల్ పైపులు పలచనివి, మూలల్లో గొట్టం బిళ్లల్లో దూర్చి ఇత్తడితో అతికినవి. అక్కడ కరెంటు వెల్డింగ్ పెడితే ఇత్తడి కరిగి ఇనుములో కలిసి పగులుతుంది. గ్యాస్‌తో ఇత్తడి అతికే మేస్త్రీకి ఇవ్వండి, లేదా ఆ మూలలను ముట్టుకోకుండా క్లాంపులు బిగించుకోండి.

మోటారు, కంట్రోలర్ బిగించిన తర్వాత వెల్డింగ్ చేయాల్సి వస్తే ముందు బ్యాటరీ తీగలు రెండూ విప్పండి, కంట్రోలర్ తీగలూ లాగేయండి. ఒక్క క్షణం బద్ధకానికి వేల రూపాయల సామాను మాడిపోతుంది. ఇంకొకటి, వెల్డింగ్ వెలుగును వట్టి కంటితో చూడవద్దు. మేస్త్రీకి అద్దం ఉంటుంది, పక్కన నిలబడ్డ రైతుకు ఉండదు. రాత్రికి కళ్లలో ఇసుక పోసినట్టు మండి నిద్రపట్టదు. పిల్లల్ని వెంట తీసుకుపోతే దూరంగా కూర్చోబెట్టండి.

బోల్టు ఎక్కడ?

ఎప్పటికీ విప్పాల్సిన పని లేనిదాన్ని వెల్డింగ్ చేయండి. అరిగేది, మార్చేది, సాలును బట్టి జరిపేది బోల్టుతో పెట్టండి. పాసలు, చక్రాలు, మోటార్లు, పిడి ఎత్తు, బ్యాటరీ పెట్టె ఇవన్నీ బోల్టుకే. అన్నీ వెల్డింగ్ చేసేసిన బండి అన్నిటికన్నా గట్టిదనుకుంటారు. మొదటిసారి చేసిన బండి కొలతలు ఎవరికీ సరిగా కుదరవు. చేనులోకి దిగాకే చక్రం రెండు ఇంచులు జరపాలనిపిస్తుంది. అప్పుడు కోసి మళ్లీ అతికితే ప్రతి కోతకూ చట్రం బలం తగ్గుతుంది. ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశం ఆసు యంత్రాన్ని ఒక్కో కదలికను విడిగా సాధించుకుంటూ ఏళ్లు పట్టి 1999లో పూర్తి చేశారు. 2017లో పద్మశ్రీ అందుకున్న ఆయన ఇంజినీరింగ్ చదవలేదు. సిరిసిల్ల జిల్లా హన్మాజీపేట జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల విద్యార్థి ఒకరు ధాన్యం సంచుల్లో నింపే యంత్రం చేసి జాతీయ స్థాయిలో మెప్పు పొందాడు. చేసి చూసి, మార్చి మళ్లీ చూసే వీలు ఉంచుకుంటేనే ఇట్లాంటి పనులు ముందుకు పోతాయి.

బోల్టు తల మీద 8.8 అని అంకె ఉంటే గట్టి రకం. ఇరుసులకు, పాసలకు అదే అడగండి. మామూలు నట్టు అదురుకు వదులవుతుంది గనుక లోపల నైలాన్ చుట్టు ఉన్న నైలాక్ నట్టు వాడండి. బోల్టు మరల ఉన్న భాగం మీద బరువు పడకూడదు, నున్నటి భాగం మీద పడాలి. అందుకే కొంచెం పొడవు బోల్టు కొని, వాషర్లు వేసి సర్దుకోవాలి.

స్క్వేర్ పైపుకు అడ్డంగా రంధ్రం చేసి బోల్టు బిగిస్తే పైపు గోడలు లోపలికి నొక్కుకుపోతాయి. ఎంత బిగించినా రెండు రోజుల్లో వదులే. పైపు లోపల బోల్టు దూరేంత చిన్న గొట్టం ముక్క పెట్టి, రెండు వైపులా అతికించి, అప్పుడు బోల్టు వేయాలి. ఈ ఒక్క గొట్టం ముక్క పెట్టించుకోండి, మిగతా ఏది మరిచినా సరే. రంధ్రం పైపు పైముఖానికో, కింది ముఖానికో కాకుండా పక్క గోడలో నడిమధ్య ఎత్తున వేయండి. బరువుకు పైపు వంగేటప్పుడు పైనా కిందా ఇనుము మీద ఒత్తిడి ఎక్కువ, నడుమ తక్కువ.

నాలుగు చక్రాలూ నేలనంటాలి

అతుకులు ఎంత బాగున్నా నాలుగు చక్రాల బండికి ఒక గండం మిగిలే ఉంటుంది. చేను బల్లపరుపుగా ఉండదు. బిగుసుకున్న చట్రం కింద మూడు చక్రాలే నేల మీద ఉంటాయి, నాలుగోది గాలిలో తేలుతుంది. తేలిన చక్రానికి పట్టు ఉండదు, బండి పక్కకు లాగుతుంది. బరువంతా మిగిలిన చక్రాల మీద పడి చట్రం మెలి తిరుగుతుంది. గంటకు ఎన్ని వందలసార్లు ఇట్లా తిరుగుతుందో మీరే ఊహించుకోండి. తీగను అటూ ఇటూ వంచుతూ పోతే తెగినట్టే అతుకు తెగుతుంది.

దీనికి మందు మన కళ్ల ముందే ఉంది. ట్రాక్టరు ముందు ఇరుసు చూడండి. అది చట్రానికి రెండు పక్కలా బిగించి ఉండదు. నడిమధ్య ఒక్క పిన్ను మీద తరాజు కర్రలా ఊగుతుంది. ఎడమ చక్రం గట్టెక్కితే కుడి చక్రం కిందికి దిగుతుంది, ఇంజను మాత్రం నిటారుగానే ఉంటుంది. రాళ్లెక్కే రిమోట్ బొమ్మ బండ్లు చేసేవారు పాటించే సూత్రం కూడా ఇదే. మీ బండికీ ముందు చక్రాల ఇరుసును నడుమ ఒక పిన్ను మీద పెట్టించండి. 20 ఎం.ఎం. నున్నటి కడ్డీ, అది సరిగ్గా తిరిగే గొట్టం బుష్షు, గ్రీజు పెట్టే నిప్పల్, రెండు చివరలా వాషరు, చీల. బుష్షు గొట్టం అరచేతి పొడవైనా ఉండాలి. పొట్టిదైతే అటూ ఇటూ ఆడి నెలలో అరిగిపోతుంది. చక్రం నాలుగైదు ఇంచులు పైకి లేచాక ఆగేట్టు రెండు పక్కలా అడ్డు ముక్కలు పెట్టించండి, లేకపోతే గట్టు దిగేటప్పుడు బండి బోర్లా పడుతుంది. డ్రమ్మును ఎంత కిందికి పెడితే అంత మంచిది.

ఈ పిన్ను పెట్టాక చట్రానికి మెలిక దాదాపు రాదు. అప్పుడు 40 ఎం.ఎం. పైపు బదులు 25 ఎం.ఎం., 14 గేజి పైపుతోనే చిన్న బండ్లకు సరిపోతుంది. అది మీటరుకు సుమారు 1.4 కిలోలే. అంటే ఒక పైపు మీద ఆరు కిలోల చొప్పున ఇనుము మిగులుతుంది.

రిమోట్ బండి అయితే చట్రం మీద చేతికందే చోట బ్యాటరీని ఒక్క దెబ్బతో ఆపే ఎర్ర స్విచ్చు ఉండి తీరాలి. రిమోట్ అందకపోతే బండి తానే ఆగేట్టు ఉందో లేదో చేనులో దించకముందే చూసుకోండి. ఇంట్లో చేసిన బండ్లకు యంత్ర సబ్సిడీ రాదు. అది పరీక్షించి ఆమోదించిన యంత్రాలకే.

రంగు వేయకముందు

కొందరు షాపు వాళ్లు అతుకు అవగానే రంగు కొట్టేస్తారు. రంగు కింద ఏ అతుకైనా అందంగానే ఉంటుంది. రంగు వద్దని చెప్పి వట్టి చట్రాన్ని ఇంటికి తెచ్చుకోండి. దాని మీద బండి మోయాల్సిన బరువుకు రెండింతలు ఇసుక సంచులు పెట్టండి. వంద కిలోల బండికి రెండు వందల కిలోలు. ఒక చక్రం కింద రెండు ఇటుకలు పెట్టి, మెల్లగా నాలుగు అడుగులు నెట్టండి. తర్వాత రెండో చక్రం కింద, మూడో చక్రం కింద. బరువు దించి ఐమూల కొలత మళ్లీ చూడండి. మారితే ఎక్కడో వంగింది.

కంటికి కనిపించని పగులు పట్టుకోవడానికి పాత మేస్త్రీల పద్ధతి ఒకటుంది. అతుకుల మీద కిరసనాయిలో, డీజిలో పూసి పావుగంట ఆగండి. బట్టతో శుభ్రంగా తుడిచి, పైన సుద్దముక్క రుద్దండి. పగులు ఉంటే లోపల దాగిన నూనె మెల్లగా పైకి వచ్చి తెల్లటి సుద్ద మీద సన్నటి నల్ల గీతలా కనిపిస్తుంది. ప్రతి కలుపు దఫాకు ముందు ఇది చేసుకోవచ్చు. ఖర్చు ఏమీ లేదు.

గీత కనిపిస్తే దాని మీదనే ఇంకో పొర రాడ్ పూయించవద్దు. పగులు రెండు చివర్లా సన్నటి రంధ్రం వేయించాలి, అప్పుడు అది పాకడం ఆగుతుంది. తర్వాత గ్రైండర్‌తో పగులు అడుగుదాకా గాడి తీసి, కొత్త రాడ్‌తో నింపి, పక్కన త్రికోణం ముక్క వేయాలి. ఇవన్నీ అయ్యాకే రెడ్ ఆక్సైడ్ ఒక పూత, రంగు రెండు పూతలు. పైపుల తెరిచిన మూతులకు రేకు బిళ్లలు అతికి మూయించండి. యూరియా నీళ్లు, మందు నీళ్లు లోపలికి పోతే పైపు లోపలి నుంచి తుప్పు తింటుంది. అది మనకు బయటికి కనిపించేసరికి గోడ సగం పోయి ఉంటుంది. పని అయిన ప్రతి సాయంత్రం మంచినీళ్లతో కడిగి, నీడలో నిలబెట్టి, పిన్నుకు గ్రీజు కొట్టండి.